పాత లేత్ కొనేముందు బెడ్ అరుగుదల ఇలా పట్టుకోండి

ఇంటి వర్క్‌షాప్‌కి మొదటి లేత్ (లోహపు ముక్కను తిప్పుతూ చెక్కే యంత్రం) సెకండ్ హ్యాండ్‌లో చూస్తుంటే, మెరిసే పెయింట్ సంగతి వదిలేసి నేరుగా బెడ్ (క్యారేజ్ జారే పొడవాటి ఇనుప పట్టాల భాగం) చూడండి. క్యారేజ్‌ని (కోసే పనిముట్టును మోసే భాగం) చక్ (తిరిగే ముక్కను పట్టుకునేది) పక్కకి తెచ్చి, దాని లాక్ బోల్టును కాస్త బిగువుగా కదిలేంత వరకే బిగించండి. ఇప్పుడు హ్యాండ్ వీల్ తిప్పుతూ టెయిల్‌స్టాక్ (చక్‌కి ఎదురు చివర ఉండే ఆధారం) వైపు తీసుకెళ్లండి. దారిలో పట్టేసిందంటే చక్ దగ్గర బెడ్ అరిగినట్టే. ఎక్కువ పని జరిగేది అక్కడే కదా! అలాంటి మెషీన్ మీద పొడవాటి షాఫ్ట్ తిప్పితే టేపర్ వస్తుంది, అంటే ఒక చివర లావుగా, మరో చివర సన్నగా అవుతుంది. బెడ్ గ్రైండింగ్ ఖర్చు ఒక్కోసారి లేత్ ధరనే మించిపోతుంది.

తర్వాత స్పిండిల్, అంటే చక్‌ని తిప్పే ఇరుసు. చక్‌లో లావుపాటి రాడ్ బిగించి, డయల్ గేజ్‌ని (సన్నని కదలికను ముల్లుతో చూపే కొలత పరికరం) స్పిండిల్ ముక్కుకే ఆనించి (చక్‌కి కాదు), రాడ్‌ని చేత్తో పైకెత్తండి. ముల్లు 0.02 మి.మీ. లోపు కదిలితే నిశ్చింత. 0.05 దాటితే ముందు బేరింగ్ సర్దుబాటు చేయించి చూడమనండి.

క్రాస్ స్లైడ్ (పనిముట్టును అడ్డంగా జరిపే భాగం) హ్యాండిల్ పావు చుట్టు ఖాళీగా తిరిగినా బెంగ అక్కర్లేదు, కొత్త నట్ వేస్తే చాలావరకు పోతుంది. చేంజ్ గేర్లు (థ్రెడ్ కొలతను బట్టి మార్చి వేసే పళ్ల చక్రాలు) మాత్రం ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోండి. ఒక్కటి తగ్గినా కొన్ని పిచ్‌ల (మర చుట్ల మధ్య దూరాల) థ్రెడ్ కోయలేరు.