వేళాంగణి సీజన్ వస్తోంది, మీ డ్రైవర్ ఎక్కడ పడుకుంటాడో ముందు అది తేల్చండి

మొన్న పేపర్లో వచ్చిన ఫొటో చాలామంది చూసే ఉంటారు. యాత్ర ముగించుకుని ఇంటికొస్తున్న వ్యాను, తెల్లవారుజాము, రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీ. ఇలాంటి వార్తల్లో ఊళ్ళ పేర్లు మారతాయి గానీ టైము మాత్రం ఎప్పుడూ అదే. ఆగస్టు 29న తమిళనాడులో వేళాంగణి మాత గుడి దగ్గర జెండా ఎక్కుతుంది, సెప్టెంబర్ 8 దాకా పండగ. భీమవరం, నరసాపురం, పాలకొల్లు, రాజోలు వైపు విచారణల్లో, అంటే ఒక్కో ఫాదర్ గారి కింద ఉండే చర్చి ఊళ్ళల్లో, అప్పుడే బళ్ళు మాట్లాడేసుకుంటున్నారు. కాబట్టి చెప్పాల్సింది ఇప్పుడే చెప్పాలి.

మంచినీళ్ళు పట్టుకెళ్ళండి, ఆధార్ మర్చిపోకండి లాంటివి రాయను. అవి మీ ఇంట్లో పెద్దవాళ్ళు చెప్తారు.

అసలు ప్లాను దగ్గరే తేడా

ఈమధ్య కొత్తగా మొదలైంది ఒకటి. రెండో జాన్ పాల్ పోపు గారు మన దేశానికి వచ్చి నలభై ఏళ్ళయింది కదా, ఆయన అడుగుపెట్టిన చోట్లన్నీ ఒకే ట్రిప్పులో చూసేద్దామని బయల్దేరుతున్నారు. మంచిదే. 1986 ఫిబ్రవరి 5న ఆయన మద్రాసులో శాంతోమ్ గుడికి, పరంగిమలైకి (సెయింట్ థామస్ మౌంట్ కొండ) వెళ్ళారు. 6న గోవా. 8న కేరళలోని కొట్టాయంలో అల్ఫోన్సమ్మ గారిని, చావర ఫాదర్ గారిని ధన్యులుగా ప్రకటించారు. కొట్టాయం దాకా వెళ్ళాక అల్ఫోన్సమ్మ సమాధి ఉన్న భరణంగానం, చావర గారి సమాధి ఉన్న మన్నానం చూడకుండా ఎవరొస్తారు? ఇక వేళాంగణికైతే ఆ పోపు గారు అసలు రానేలేదు. ఆ గుడికి బసిలికా హోదా 1962లో 23వ జాన్ పోపు గారు రోము నుంచి ఇచ్చారు. అయినా మన బండి అరవదేశంలోకి వెళ్ళి వేళాంగణి తిరగకుండా వెనక్కొస్తుందా, రాదు. అలా లిస్టు పెరిగిపోతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. భీమవరం నుంచి చెన్నై ఐదొందల కిలోమీటర్ల పైమాటే. అక్కణ్ణుంచి వేళాంగణి ఇంకో మూడొందల పైన. అక్కణ్ణుంచి కొట్టాయం ఐదొందల దరిదాపు, అదీ కుమిళి దగ్గర ఘాట్ ఎక్కి దిగి. కొట్టాయం నుంచి గోవా ఎనిమిదొందలు దాటుతుంది. పోపు గారు దేశంలో పది రోజులున్నారు, పెద్ద దూరాలన్నీ విమానంలో వెళ్ళారు. మనం అదే దారి నాలుగు రోజుల్లో, తుఫాన్ బండిలో పన్నెండు మందిని కుక్కి, ఒక్క డ్రైవర్‌తో తిరిగేద్దామంటాం. రూములకు డబ్బులెందుకు దండగ, పగలు దర్శనం, రాత్రి ప్రయాణం, బండిలోనే నిద్ర అంటాం. ఆ నిద్ర ఎవరిదండీ? మీది.

డ్రైవర్ నిద్ర

నేను చూసినంతలో కుటుంబాలకు కుటుంబాల్నే ముంచిన తప్పు ఒక్కటే, స్పీడు కాదు, తాగుడు కాదు. బండి ఆగింది కాబట్టి డ్రైవర్ పడుకునే ఉంటాడు అనుకోవడం. మంచోడే, తాగే అలవాటు లేదు, నెమ్మదిగానే తోలతాడు, కానీ ముందు రోజు పొద్దున్నుంచి కన్ను మూయలేదు.

పొద్దున ఆరింటికి మీరు గుడి దగ్గర దిగిపోతారు. ఆ క్షణం నుంచి సాయంత్రం దాకా అతను ఏం చేస్తున్నాడో ఎప్పుడైనా చూశారా? పార్కింగ్‌లో పోలీసు వచ్చి బండి తియ్యమంటే తీసి ఇంకో చోట పెట్టాలి. గంటకోసారి మీలో ఎవరో ఒకరు వచ్చి తలుపు తట్టి టవల్ కావాలనో, పిల్ల బట్టలు కావాలనో, చార్జర్ కావాలనో అడుగుతారు. సామాన్లు బండిలోనే ఉన్నాయి కాబట్టి దాన్ని వదిలి పోలేడు. ఏసీ వేస్తే డీజిల్ అంటారు, వేయకపోతే రేకు కాలిపోతుంది. అలా పన్నెండు గంటలు కూర్చున్న మనిషిని రాత్రి పూజయ్యాక, తేరు చూశాక, బిర్యానీ తిన్నాక, "ఇక పోనీ బాబూ, పొద్దుటికల్లా చెన్నైలో ఉండాలి" అని మీరందరూ ముసుగు తన్నేస్తారు. ఆ బండిలో నిద్ర లేనివాడు ఒక్కడే, స్టీరింగ్ అతని చేతిలోనే ఉంది.

రాత్రి రెండు నుంచి ఐదు దాకా ఎవరి ఒళ్ళయినా నిద్రకే లాగుతుంది, అది అలవాటుతో పోయేది కాదు. గంటకు 80 కిలోమీటర్ల మీద బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లు కన్ను వాలితే దాదాపు తొంభై మీటర్లు బండి తనంతట తనే నడిచినట్టు. ఆ తొంభై మీటర్లలో ఆగి ఉన్న లారీ ఉండకూడదని జపమాల చెప్పుకోవడం తప్ప ఇంకేం చేయలేం.

టీ తాగితే సరిపోతుంది అంటారు, ముఖం కడుక్కుంటే సరిపోతుంది, పక్కన కూర్చుని కబుర్లు చెప్తాం, పాటలు గట్టిగా పెడతాం. ఇవేవీ నిద్ర కాదు. కాఫీ పని చేయడం మొదలయ్యేసరికే అరగంట పడుతుంది, కొంచెం సేపు మెలకువ నటింపజేసి వదిలేస్తుంది. ఆవలింతలు మొదలైతే బండి రోడ్డు పక్కన కాదు, వెలుతురున్న పెట్రోల్ బంకులోకి తిప్పించి పడుకోబెట్టండి. ఇరవై నిమిషాల కునుకు ముంచుకొచ్చే గండాన్ని గట్టెక్కిస్తుంది గానీ అది రాత్రంతా తోలడానికి లైసెన్సు కాదు.

చట్టం కూడా ఊరికే రాయలేదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలో డ్రైవర్ పని రోజుకు ఎనిమిది గంటలు, ఐదు గంటలకు మించి ఏకబిగిన తోలించకూడదు, మధ్యలో కనీసం అరగంట విరామం అని ఉండేది, 2025లో దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది. మన ట్రిప్పులు ఆ లెక్కకు ఎక్కడున్నాయో మీరే చూసుకోండి.

కాబట్టి ఏం చేయాలంటే, ప్లాను దర్శనాల నుంచి రాయకండి, డ్రైవర్ నిద్ర నుంచి రాయండి. ఏ రోజు, ఏ ఊళ్ళో, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా అతను మంచం మీద ఉంటాడు, ముందు అది కాగితం మీద పెట్టి, మిగిలిన టైములో ఏది వీలైతే అది చూడండి. రూము బుక్ చేసేటప్పుడు డ్రైవర్‌కి మంచం లెక్కలో వేయండి. పండగ రోజుల్లో వేళాంగణిలో రూములు దొరకవు, నాగపట్నంలో, కారైకాల్లో ముందే చూసుకోండి. దిగగానే సామాన్లన్నీ దింపేసి, తాళం గుంపులో ఒకరి చేతికిచ్చి, అతన్ని పడుకోమనండి. బండికి కాపలా మీరు కాయండి. మొగమాటపడతాడు, "పర్లేదండీ, నాకలవాటే" అంటాడు. ఆ మాట నమ్మకండి, బేరం పోతుందని అంటాడు ఆ మాట.

ఇద్దరు డ్రైవర్లున్నారు మాకేం భయం అనేవాళ్ళకి కూడా ఒక మాట. రెండోవాడు ముందు సీట్లో కూర్చుని మొదటివాడితో కబుర్లాడుతుంటే ఇద్దరూ మేలుకునే ఉన్నారని అర్థం. రెండోవాణ్ణి వెనక సీట్లో కాళ్ళు చాపుకునేలా పడుకోబెట్టాలి, ఆ సీటు అమ్ముకోకూడదు. పైగా ఆ రెండోవాడు మా బావమరిదేనండీ, కారు బాగా తోలతాడు అంటే అతను డ్రైవర్ కాదు, ప్రయాణికుడు.

బండి

పసుపు నంబర్ ప్లేటు, ఆలిండియా టూరిస్టు పర్మిట్, ఇన్సూరెన్స్. మూడూ కళ్ళతో చూసి ఫోన్లో ఫొటో తీసుకోండి. తెల్ల ప్లేటు కారు తెలిసినవాళ్ళది, చవగ్గా ఇస్తున్నారని తీసుకెళ్తారు. సొంత వాడకానికి రాయించిన కారు కిరాయికి తిప్పితే క్లెయిమ్ దగ్గర కంపెనీ చేతులెత్తేస్తుంది, అప్పుడు ఆసుపత్రి బిల్లు ఎవరు కడతారు? సీట్ల సంఖ్యకు మించి ఎక్కొద్దు, పిల్లల్ని ఒళ్ళో లెక్కేయొద్దు.

నరసాపురం, అమలాపురం వైపువాళ్ళు 216 హైవే మీదుగా ఒంగోలు పోతారు, దారి దగ్గరే, కానీ ఊళ్ళ మధ్య నుంచి పోయే చోట్లు, మలుపులు ఎక్కువ. అక్కడ రాత్రి తోలొద్దు.

సముద్రం

ఇది మన గోదారోళ్ళకి ప్రత్యేకం. పుట్టిన దగ్గర్నుంచి కాలవలో ఈదినవాళ్ళం, మాకు నీళ్ళు కొత్తా అని వేళాంగణిలో తలనీలాలు ఇచ్చి నేరుగా సముద్రంలోకి దిగేస్తారు. కాలవ నీళ్ళు ఒక వైపే పోతాయి. సముద్రంలో అల ఒడ్డుకు తెస్తుంది, కిందనుంచి వెనక్కి లాగుతుంది, ఆ లాగుడు ఈతకు లొంగదు. మోకాళ్ళు దాటి దిగొద్దు. పిల్లల చెయ్యి వదలొద్దు. చీకటి పడ్డాక అసలు వద్దు. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు ఆ ఒడ్డున ఎంతమంది యాత్రికులు పోయారో పెద్దవాళ్ళకు గుర్తే. సముద్రం ఉన్నట్టుండి వెనక్కి తగ్గిందంటే గవ్వలేరుకోవడానికి పోకుండా గుడి వైపు పరుగెత్తండి.

ఇక మిగిలినవి వరసలో చెప్పేస్తాను, విడదీసే ఓపిక లేదు.

జెండా ఎక్కే రోజు, తేరు రోజు గేటు దగ్గర నిలబడకండి, 2015 జూలైలో పుష్కర ఘాట్‌లో ఏం జరిగిందో మనకెవరూ చెప్పక్కర్లేదు. జనం తోస్తుంటే ఎదురు తోయొద్దు, పక్కకు జరుగుతూ బయటపడండి. చెప్పు జారిపోతే వంగొద్దు. తప్పిపోతే కలుసుకునే చోటు పొద్దున్నే చెప్పుకోండి, సిగ్నల్ ఉండదు. పిల్లల జేబులో డ్రైవర్ నంబర్ కాదు, మీ నంబర్ పెట్టండి, డ్రైవర్ ఫోను సైలెంట్‌లో ఉండాలి, అతను పడుకోవాలి. పరంగిమలై పైదాకా రోడ్డుంది, గుండె ఆపరేషన్ అయినవాళ్ళు మొక్కు పేరు చెప్పి మెట్లెక్కొద్దు. పాదయాత్ర చేసేవాళ్ళు వేలల్లో కాషాయం కట్టుకుని చెన్నై నుంచి ఆ రోడ్డు అంచునే నడుస్తారు, రాత్రుళ్ళు కూడా నడుస్తారు, నిద్రమత్తులో బండి తోలితే చచ్చేది మీరొక్కరే కాదు. షుగర్ మందు, బీపీ మందు లగేజీలో కాదు, చేతి సంచిలో. జూలై 28న అల్ఫోన్సమ్మ పండక్కి భరణంగానం వెళ్ళాలనుకునేవాళ్ళు అది నడివానాకాలమని గుర్తుపెట్టుకోండి, వానలో ఘాట్ రోడ్డు పగలే ఎక్కాలి, పగలే దిగాలి. గోవా ఈసారికి వదిలేయండి, డిసెంబర్ 3న ఫ్రాన్సిస్ జేవియర్ గారి పండగ ఉంది, అప్పుడు రైల్లో వెళ్ళండి. బండిలో గ్యాస్ స్టవ్ వద్దు. డ్రైవర్‌కి మీరు తిన్న తిండే పెట్టండి, ఆఖరున మిగిలింది కాదు, అతనికి వేరే రూము ఇప్పించలేకపోతే మీ రూములోనే మంచం ఇచ్చి మీరు చాప మీద పడుకోండి. "బండి ఆగే ఉంది కదా, పడుకునే ఉంటాడు" అని ఎవరైనా అంటే వెళ్ళి చూసి రమ్మనండి. పడుకోకపోతే ఆ రాత్రి బండి కదలదు. ఫాదర్ గారు చెప్పినా కదలదు.

తిరుగు ప్రయాణం ఇంకా ప్రమాదం, ఎందుకంటే అప్పటికి అందరూ అలిసిపోయి ఉంటారు, ఇల్లు దగ్గరపడిందని తొందర. చెన్నైలో మధ్యాహ్నం తర్వాత బయల్దేరితే నెల్లూరులోనో ఒంగోల్లోనో ఆగి పడుకోండి. సోమవారం డ్యూటీ ఉన్నవాళ్ళు మంగళవారం దాకా సెలవు పెట్టుకుని రండి, కుదరదంటే చెన్నైలో దిగి రైలెక్కి వచ్చేయండి, మీ డ్యూటీ కోసం రాత్రికి రాత్రి బండి నడవదు.