ఆఫ్‌రోడ్ ట్రిప్‌లో బండి దిగబడితే, హీటెక్కితే, టెంట్ తడిస్తే ఏం చేయాలి?

స్నేహితులంతా కలిసి రెండు మూడు బండ్లు వేసుకుని శనివారం పొద్దున్నే మట్టి దారి పట్టి, ఆదివారం సాయంత్రానికి తిరిగొచ్చే ట్రిప్‌లో ఏదో ఒకటి మొరాయించడం మామూలే. నేను చూసినంతవరకు దారి వల్ల వచ్చే ఇబ్బంది సగమే. మిగతా సగం, ఆ తర్వాత ఒకటి రెండు నిమిషాల్లో మనం కంగారుపడి చేసే పనుల వల్ల వస్తుంది. అందుకే కింద ప్రతి సమస్యకూ ఏం చేయాలో, ఏం చేయకూడదో రెండూ రాశాను.

చక్రాలు తిరుగుతున్నాయి, బండి కదలట్లేదు

ఇసుకలోనో బురదలోనో అందరికీ ముందు ఎదురయ్యేది ఇదే. నేను మొదటిసారి ఇసుకలో నడిపినప్పుడు, ఇంకొంచెం తొక్కితే బయటపడతాననుకుని యాక్సిలరేటర్ తొక్కుతూనే ఉన్నాను. వెనక బండిలోంచి మావాడు "ఆపరా, ఆపరా" అని అరుస్తున్నా ఇంజిన్ మోతలో వినపడలేదు. దిగి చూస్తే వెనక చక్రాలు సగానికి పైగా ఇసుకలో ఉన్నాయి. రెండు వెనక చక్రాల మధ్యలో ఉండి, ఇంజిన్ బలాన్ని వాటికి పంచే గేర్ల డబ్బా, అంటే డిఫరెన్షియల్, ఇసుక మీద ఆనింది, దాని చుట్టూ ఇసుక గట్టిగా నొక్కుకుపోయి ఉంది. బరువంతా బండి పొట్ట మీద పడ్డాక చక్రాలకు ఇక పట్టు ఎక్కడుంటుంది? ఐదు నిమిషాల్లో అయిపోవాల్సిన పనికి రెండు గంటలు పార పట్టాల్సి వచ్చింది.

అసలు కారణం చాలాసార్లు టైర్లలో గాలే. రోడ్డు మీద నడిచే 32, 35 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) టైరు గట్టిగా ఉండి ఇసుకను కోసుకుంటూ దిగిపోతుంది. దాన్నే 16, 18కి దించితే నేలకు ఆనే భాగం పొడవుగా సాగి, బరువు పరుచుకుంటుంది. బురదలో, రాళ్ల దారిలో 20 నుంచి 25 మధ్య ఉంచుకోవచ్చు. మామూలు రిమ్ములైతే 12 కంటే కిందికి వద్దు, మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడిపోతుంది. గాలి దించాక గట్టిగా మలుపు తిప్పడం, స్పీడుగా పోవడం రెండూ మానేయాలి. గాలి మళ్లీ నింపుకోవడానికి చిన్న కంప్రెసర్ వెంట ఉండాల్సిందే.

చక్రం ఒక్కసారి ఊరికే తిరిగిందంటే కాలు తీసేయండి. దిగి ముందు పొట్ట కింద ఇసుక లాగేయండి. తర్వాత చక్రాలకు ఎదురుగా, పైకెక్కే వాలులా తవ్వండి. గాలి దించండి. రికవరీ బోర్డులుంటే (టైరుకు పట్టునిచ్చే గరుకు పలకలు) వాటిని టైరు కిందికి బాగా దూర్చండి. స్టీరింగ్ తిన్నగా పెట్టి, లో రేంజ్ (ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో వేగం తగ్గించి బలం పెంచే సెట్టింగ్) రెండో గేరులో మెల్లగా కదపండి. చాలాసార్లు ముందుకంటే వెనక్కి రావడం తేలిక, ఎందుకంటే మీరు వచ్చిన జాడలో ఇసుక అప్పటికే అణిగి ఉంటుంది.

రాళ్ల దారిలో ఇంకో రకం ఉంది. ఒక చక్రం గాలిలో లేచి అదొక్కటే తిరుగుతుంది, నేల మీదున్నది కదలదు. బండి పాడైందని భయపడక్కర్లేదు. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానమైన బలాన్నే ఇస్తుంది. గాలిలో ఉన్న చక్రం తిరగడానికి బలం దాదాపు అక్కర్లేదు కాబట్టి రెండోదానికీ అంతే అందుతుంది. రెండు చక్రాలూ కలిసి తిరిగేలా చేసే డిఫ్ లాక్ ఉంటే వేయండి. లేకపోతే లేచిన చక్రం కింద రాళ్లు పేర్చండి. ట్రాక్షన్ కంట్రోల్ ఉన్న బండిలో యాక్సిలరేటర్ తొక్కుతూ వదులుతూ ఉండకుండా ఒకే తీరున పట్టి ఉంచితే, అది ఖాళీగా తిరిగే చక్రాన్ని తానే పట్టుకుని ఆపుతుంది.

ఇంకో బండితో లాగాల్సి వచ్చింది

ఈ ట్రిప్పుల్లో నాకు అన్నిటికంటే భయం వేసేది ఇక్కడే. చూట్టానికి తేలిక పనిలా ఉంటుంది కాబట్టి ఎవరూ పెద్దగా ఆలోచించరు. ట్రైలర్ తగిలించే గుండుకు తాడు ఎప్పుడూ కట్టొద్దు. కుదుపుతో లాగినప్పుడు అది విరిగితే తుపాకీ గుండులా దూసుకొస్తుంది, దానివల్ల మనుషులు చనిపోయారు. తాడు కట్టాల్సింది ఛాసిస్‌కు, అంటే బండి అడుగున ఉండే ఇనుప చట్రానికి బిగించి ఉన్న, లాగడానికే చేసిన రికవరీ పాయింట్లకు మాత్రమే.

తాడులో కూడా తేడా ఉంది. మామూలు టోయింగ్ బెల్టు సాగదు, గొలుసు అసలే సాగదు. వాటితో జర్కు ఇస్తే ఆ దెబ్బంతా కొక్కేల మీదే పడుతుంది. జర్కుతో లాగాలంటే రబ్బరులా సాగే కైనెటిక్ తాడు ఉండాలి. తాడు మధ్యలో మందపాటి దుప్పటో కోటో వేస్తే, తెగినా అంత ఎత్తుకు ఎగరదు. చుట్టూ ఉన్నవాళ్లు తాడు పొడవుకు ఒకటిన్నర రెట్లు దూరంలో, తాడుకు ఎదురు కాకుండా పక్కన నిలబడాలి. వీడియో తీస్తామని దగ్గరికొచ్చేవాళ్లను మొహమాటపడకుండా వెనక్కి పంపండి. లాగేముందు పారతో తవ్వడం మాత్రం మానొద్దు. పొట్ట కింద మట్టి తీసేస్తే లాగాల్సిన బలం చాలా తగ్గుతుంది.

వాగు మధ్యలో ఇంజిన్ ఆగిపోయింది

సెల్ఫ్ కొట్టొద్దు. ఒక్కసారి కూడా వద్దు. ఎయిర్ ఫిల్టర్ గుండా నీళ్లు సిలిండర్‌లోకి పోయి ఉండొచ్చు. గాలి నొక్కితే కుదించుకుంటుంది కానీ నీళ్లు కుదించుకోవు. పిస్టన్ పైకొచ్చి నీళ్లకు గుద్దుకుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఇంజిన్ మొత్తం విప్పాల్సి వస్తుంది. బండిని గట్టుకు లాగించి ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. అది పొడిగా ఉంటే తడిసిన వైరింగ్ లాంటి వేరే కారణం కావచ్చు. తడిగా ఉంటే మాత్రం స్పార్క్ ప్లగ్గులు, డీజిల్ బండికి గ్లో ప్లగ్గులు తీసి నీళ్లు బయటికి పోయేలా చేశాకే ఇంజిన్ తిప్పాలి. ఆ పని చేతకాకపోతే మెకానిక్ దాకా లాక్కెళ్లడమే మంచిది.

దిగకముందే ఒకరు కర్రతో నడిచి లోతు చూడాలి. నడవడానికే భయమేసేంత ప్రవాహం ఉంటే బండి కూడా దిగకూడదు. దాటాక బ్రేకు రెండు మూడుసార్లు మెల్లగా తొక్కి ఆరబెట్టండి. ఇంటికొచ్చాక డిఫరెన్షియల్ ఆయిల్ కూడా చూడండి. వేడిగా ఉన్న యాక్సిల్ చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుని నీళ్లను లోపలికి పీల్చగలదు. ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లగా కనిపిస్తే వెంటనే మార్చాలి.

టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది

మట్టి దారిలో వేగం తక్కువ, ఇంజిన్‌కు పని ఎక్కువ, రేడియేటర్‌కు తగిలే గాలి తక్కువ. పైగా రేడియేటర్ సందుల్లో గడ్డి గింజలు, బురద ఇరుక్కుంటాయి. ఏసీ ఆపి, హీటర్ ఫుల్లుగా పెట్టి, బండిని నీడలో ఆపి, ఫ్యాన్ తిరిగేలా ఇంజిన్ ఆన్‌లో ఉంచండి. కూలెంట్ కారుతున్నా, ముల్లు దిగకపోయినా వెంటనే ఇంజిన్ ఆపేయాలి. వేడి మీద రేడియేటర్ మూత తీయకండి, మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. చల్లారాక ఇంజిన్ వైపు నుంచి బయటికి నీళ్లు కొడితే ఇరుక్కున్న చెత్త పోతుంది.

క్లచ్ కాలిన వాసన వస్తే హై రేంజ్‌లో సగం క్లచ్‌తో నడుపుతున్నారన్నమాట. ఆగి చల్లారనిచ్చి లో రేంజ్‌లోకి మారండి. దిగుడు దారిలో బ్రేకు పెడల్ మెత్తబడినా అదే మాట. లో రేంజ్ మొదటి గేరులో పెట్టి ఇంజినే బండిని పట్టుకునేలా దిగాలి. ఎక్కేటప్పుడు మధ్యలో ఆగిపోతే బండిని అడ్డం తిప్పే ప్రయత్నం చేయొద్దు, పొర్లిపోతుంది. రివర్స్ గేరులో, వచ్చిన జాడలోనే తిన్నగా వెనక్కి దిగండి.

రాత్రి టెంట్‌లో

తెల్లారేసరికి లోపలంతా తడిగా ఉంటే టెంట్ కారుతోందని అనుకోకండి. ఒకే చోట చుక్కలు పడితే అది లీకు. గోడలన్నిటి మీదా సన్నటి తేమ పొరలా ఉంటే అది మీ ఊపిరే. చలేస్తున్నా సరే, పైన గాలి సందులు తెరిచి పడుకోండి. వాన పడ్డప్పుడు కిందినుంచి నీళ్లొస్తే, కింద పరిచిన షీటు టెంట్ కంటే బయటికి వచ్చిందేమో చూసి లోపలికి మడవండి. రెండు దుప్పట్లు కప్పుకున్నా వణుకుతుంటే చలి నేల నుంచి వస్తోంది. ఒక దుప్పటి తీసి కింద పరుచుకోండి. ఎండిన వాగు పరుపులో మాత్రం టెంట్ వేయొద్దు. ఎగువన వాన పడితే మనకు చినుకు పడకుండానే నీళ్లొచ్చేస్తాయి.

చలిలో గ్యాస్ స్టౌ మంట నీరసంగా ఉంటే డబ్బాలో బ్యూటేన్ సరిగా ఆవిరవట్లేదని అర్థం. అది మరిగేదే సున్నా డిగ్రీల దగ్గర. డబ్బాను స్లీపింగ్ బ్యాగ్‌లో కాసేపు పెట్టుకుంటే చాలు, మంట మీద వేడి చేయకండి.

ఇంకొకటి, దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోకండి. ఒకే టెంట్‌లో ఉన్నవాళ్లందరికీ ఒకేసారి తలనొప్పి, కడుపులో తిప్పడం మొదలైతే అది అలసట కాకపోవచ్చు. లోపల స్టౌ వెలిగించినా, నిప్పుల కుంపటి పెట్టుకున్నా కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగు, వాసన ఉండవు. నిద్రలో ఉన్నవాళ్లను నిద్రలోనే చంపేస్తుంది. అందరినీ లేపి, లెక్కపెట్టుకుని బయటికి లాగండి. తేరుకున్నట్టున్నా ఆసుపత్రికి తీసుకెళ్లండి. సైలెన్సర్ మట్టిలో కూరుకుపోయి ఉండగా ఏసీ కోసం ఇంజిన్ ఆన్ చేసి బండిలో పడుకోవడం కూడా ఇంతే ప్రమాదం.

పొద్దున్నే టిక్ టిక్ తప్ప స్టార్ట్ కాదు

రాత్రంతా లైట్లో ఫ్రిజ్జో బ్యాటరీని తాగేశాయి. నిండా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది, 12 దగ్గరికొచ్చిందంటే దాదాపు ఖాళీ. ఎర్ర కేబుల్‌ను ముందు చచ్చిన బ్యాటరీ ప్లస్‌కు, తర్వాత మంచిదాని ప్లస్‌కు పెట్టండి. నల్లది మంచిదాని మైనస్‌కు, చివరి కొన స్టార్ట్ కాని బండి ఇంజిన్ మీద ఎక్కడైనా గట్టి ఇనుముకు, బ్యాటరీకి దూరంగా పెట్టండి. నిప్పురవ్వ బ్యాటరీ దగ్గర రాకూడదనే ఈ వరస.

తిరుగు ప్రయాణంలో స్టీరింగ్ వణుకుతోంది

తారు రోడ్డు ఎక్కి 60 దాటగానే మొదలైతే, అలైన్‌మెంట్ పోయిందని టెన్షన్ పడకముందు రిమ్ము లోపలివైపు చేయి పెట్టి చూడండి. నాకు ఒకసారి అక్కడ అరచేతి మందాన బురద ఎండి గడ్డకట్టి దొరికింది. చక్రం బ్యాలెన్స్ తప్పడానికి అంత చాలు. స్క్రూ డ్రైవర్‌తో గీకేసి నీళ్లు పోస్తే వణుకు పోయింది. మలుపుల్లో బండి బిగుసుకుపోయి పట్టేస్తుంటే ఫోర్ వీల్ డ్రైవ్ తీయడం మర్చిపోయారేమో చూడండి. లివర్ రాకపోతే తిన్నగా కొన్ని అడుగులు వెనక్కి వెళ్తే వదులుతుంది. టైర్లలో గాలి నింపేది మాత్రం తారు రోడ్డు ఎక్కకముందే, నింపాక చక్రాల నట్లు కూడా ఒకసారి బిగించి చూసుకుని బయల్దేరండి.