నూలు నాడాతో టీఆర్‌ఎన్‌ఏ కట్టే పద్ధతి

కణంలో ప్రొటీన్ తయారీకి అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చే చిన్న ఆర్‌ఎన్‌ఏ అణువే టీఆర్‌ఎన్‌ఏ. దాని నమూనా కట్టడానికి కాగితం పట్టీతో మొదలుపెట్టకండి. నాలుగుసార్లు మడిచేసరికి చిరుగుతుంది, మెలి కూడా తిరగదు. వరంగల్ చౌరస్తాలోనైనా, కరీంనగర్‌లోనైనా టైలర్ సామాన్లు అమ్మే దుకాణంలో అర అంగుళం వెడల్పున్న తెల్ల నూలు నాడా 3 మీటర్లు, చిన్న పిన్నీసులు 25 తీసుకోండి. సూది, ఎర్రదారం, కత్తెర, మూరెడు మెత్తటి తీగ ఉంటే చాలు. రాయడానికి బాల్‌పెన్నే మంచిది, స్కెచ్ పెన్ను సిరా నూలు మీద పాకుతుంది.

నాడా మీద 2 సెంటీమీటర్లకో గడి గీయండి. ముందు 10 గడులు ఖాళీగా వదిలి, అక్కడి నుంచి ఈస్ట్‌లో (పిండిని పులియబెట్టే సూక్ష్మజీవి) ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లాన్ని మోసే టీఆర్‌ఎన్‌ఏ అక్షరాలు రాయండి. ప్రతి గడి కింద అంకె తప్పనిసరి.

1–7: జి-సి-జి-జి-ఎ-యు-యు
8–9: యు-ఎ
10–13: జి-సి-యు-సి
14–21: ఎ-జి-యు-యు-జి-జి-జి-ఎ
22–26: జి-ఎ-జి-సి-జి
27–31: సి-సి-ఎ-జి-ఎ
32–37: సి-యు-జి-ఎ-ఎ-జి
ఇక్కడ అంకెల్లేని 18 ఖాళీ గడులు (ఇంట్రాన్, అంటే తర్వాత కోసి తీసేసే భాగం)
38–43: ఎ-యు-సి-యు-జి-జి
44–48: ఎ-జి-జి-యు-సి
49–53: సి-యు-జి-యు-జి
54–60: యు-యు-సి-జి-ఎ-యు-సి
61–65: సి-ఎ-సి-ఎ-జి
66–73: ఎ-ఎ-యు-యు-సి-జి-సి-ఎ

చివర ఇంకో 8 ఖాళీ గడులు. మొత్తం 109 గడులు, అంటే 218 సెంటీమీటర్లు. కొసల్లోని ఖాళీ గడుల లెక్క మన సౌకర్యానికి పెట్టుకున్నదే, జన్యువును బట్టి అది మారుతుంది. ఈస్ట్‌లో ఈ ఇంట్రాన్ మాత్రం 18 లేదా 19 అక్షరాలుంటుంది. మిగిలిన నాడాలో 3 గడుల ముక్క కత్తిరించి సి-సి-ఎ అని రాసి పక్కన పెట్టండి.

కణంలో ఈ పొడుగు పట్టీని నేసేది ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్-3 అనే ఎంజైమ్. అది ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే గుర్తులు జన్యువు ముందర ఉండవు, లోపలే ఉంటాయి: తర్వాత మడతలో డి-వంపు, టి-వంపు అనే రెండు చుట్లు అయ్యే చోట్లలో.

కత్తెర ఇప్పుడే పట్టొద్దు, ముందు మడత. జత గడులను ఎదురెదురుగా తెచ్చి పిన్నీసు గుచ్చండి. జతలు వరసగా పడే చోటు కాండం, జత లేకుండా మిగిలే చుట్టు వంపు. ఒక్కో కాండంలో జత అంకెల మొత్తం ఎప్పుడూ ఒకటే: పై కాండంలో 73 (1తో 72, 2తో 71, అలా ఏడు జతలు), డి-కాండంలో 35 (10తో 25, నాలుగు), యాంటికోడాన్ (సందేశంలోని మూడక్షరాల కోడాన్‌ను చదివే భాగం) ఉండే కాండంలో 70 (27తో 43, అయిదు), టి-కాండంలో 114 (49తో 65, అయిదు). మొత్తం 21 పిన్నీసులు పడతాయి. కూడిక తప్పిందంటే పిన్నీసు తప్పు చోట పడిందనే. ఎక్కువ మంది తడబడేది 4, 69 దగ్గర: అక్కడ జికి ఎదురు సి కాక యు వస్తుంది. తప్పు రాశామనుకుని దిద్దకండి, ఆర్‌ఎన్‌ఏలో జి-యు జత చెల్లుతుంది.

మడత పడ్డాకే కత్తిరింపు. ఆర్‌నేజ్-పి అనే ఎంజైమ్ 1వ గడికి ముందు కోస్తుంది. అది వెతికేది ఫలానా అక్షరాలను కాదు, పై కాండమూ టి-కాండమూ కలిసిన ఆకారాన్ని. పిన్నీసులు పెట్టక ముందే కత్తెర వేసిన పిల్లలకు ఈ సంగతి ఎప్పటికీ తట్టదు. 73 తర్వాత ఆర్‌నేజ్-జెడ్ అనే ఇంకో ఎంజైమ్ కోస్తుంది. ఆ కొసకు సి-సి-ఎ ముక్కను ఎర్రదారంతో కుట్టండి. ఈ మూడక్షరాలు ఈస్ట్ జన్యువులో లేవు, ఒక ఎంజైమ్ ఏ మూసా లేకుండా అతికిస్తుంది. ఇ. కోలై బ్యాక్టీరియాలో మాత్రం జన్యువులోనే ఉంటాయి. ఆఖరున 37 తర్వాత, 38కి ముందు కోసి ఇంట్రాన్ తీసేయండి. కొత్తవాడలో జంపఖానా నేసేటప్పుడు పడుగు పోగు తెగితే రెండు కొసలూ కలిపి ముడేసినట్టు, ఇక్కడా 37ను 38కి కుట్టాలి. ఈస్ట్‌లో ఈ కోత మైటోకాండ్రియా బయటి పొర మీద జరుగుతుంది. ఇప్పుడు యాంటికోడాన్ వంపులో 7 గడులు మిగలాలి, ఎనిమిదో ఆరో వస్తే కోత తప్పు చోట పడిందన్నమాట.

ఎల్ ఆకారం కోసం 18ని 55కు, 19ని 56కు వేరే పిన్నీసులతో కలపండి. మూల నిలబడకపోతే తీగ దూర్చండి. నిజం అణువులో ఇంకా 14 అక్షరాలు రసాయనికంగా మార్పు చెందుతాయి. 16, 17, 37, 39, 54, 55 మీద చుక్క పెడితే క్లాసుకు సరిపోతుంది.

ఇక టీఆర్‌ఎన్‌ఏ మొదట ఎలా పుట్టిందన్న సంగతి. 8 నుంచి 48 దాకా ఉన్న భాగాన్ని వెనక్కి మడిచేసి 7ను 49కి ఆనించండి. 35 గడులు, 12 జతలు మిగులుతాయి. ఈ చిన్న ముక్కను ఆర్‌నేజ్-పి కోయగలదు, సి-సి-ఎ ఎంజైమ్ గుర్తుపడుతుంది. 1989లో ఫ్రాంక్లిన్, షిమ్మెల్ అనే శాస్త్రవేత్తలు యాంటికోడాన్ లేని ఇలాంటి ముక్కకే అలనిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కుతుందని చూపారు. అలనిన్ ఎక్కడానికి గుర్తు 3–70 దగ్గరి జి-యు జత. మన నాడాలో అక్కడ జి-సి ఉంది, చూసుకోండి. పై సగమే పాతది, కోడాన్ చదివే సగం తర్వాత వచ్చి చేరింది అనే వాదానికి ఇంతకంటే గట్టి ఆధారం మాకు కనిపించదు.

రెండు చిన్న హెయిర్‌పిన్‌లు (తన మీద తానే మడతపడిన ఆర్‌ఎన్‌ఏ ముక్కలు) అతుక్కుని టీఆర్‌ఎన్‌ఏ అయిందని ఇంకో ప్రతిపాదన. నానోఆర్కియం ఈక్విటాన్స్ అనే సూక్ష్మజీవిలో కొన్ని టీఆర్‌ఎన్‌ఏల రెండు సగాలూ వేర్వేరు జన్యువుల్లో ఉన్నట్టు 2005లో బయటపడింది. కాకపోతే ఆ విడి జన్యువులు పాతకాలం నాటివా, తర్వాత విరిగినవా అన్న దానిపై వాదన ఉంది. అక్కడి అతుకు కూడా 37, 38 మధ్యే. మీ నాడాలో ఆ కుట్టుకు వేరే రంగు దారం వాడండి.