వణుకుతున్న ట్రాక్ కారు: బేరింగ్ మార్చే ముందు బోల్టు విప్పి చూడండి

ట్రాక్ డే (సొంత కార్లను రేసు ట్రాక్ మీద నడిపే రోజు) అయిన మర్నాడు నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకే మాటతో మొదలవుతాయి: "అన్నా, స్టీరింగ్ వణుకుతోంది, బేరింగ్ పోయినట్టుంది." చక్రం బోల్టులకు టార్క్ రెంచ్ (ఎంత బిగువుగా బిగించామో అంకెలో చెప్పే పానా) పెట్టి చూశావా అని అడిగితే అవతల మౌనం. కాసేపటికి "షాపులో గట్టిగానే బిగించారు" అంటారు. షాపులో గాలి గన్‌తో బిగించినదానికి లెక్కాపత్రం ఉండదు. ఒక బోల్టు విరిగేంత బిగువుగా, దాని పక్కది చేత్తో వదిలేంత లూజుగా ఉండటం నేను చాలాసార్లు చూశాను. ఫోక్స్‌వాగన్ పోలో కారుకు ఆ బిగువు 120 న్యూటన్ మీటర్లు ఉండాలి. కారు చల్లగా ఉన్నప్పుడు, చక్రం గాలిలో ఉండగా ఒకటి వదిలి ఒకటి చొప్పున కూర్చోబెట్టి, కిందికి దించాక అంకె చూసి బిగించాలి. ఇది చేయకుండా మిగతాది చదవవద్దు.

చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద నా చేతికి ఎక్కువగా వచ్చినవి పోలోలే కాబట్టి అంకెలన్నీ దానివే ఇస్తున్నాను. పద్ధతి ఏ కారుకైనా ఒకటే.

వణుకు చక్రానిదా, ఇంజన్‌దా?

వెనుక ఎవరూ లేని చోట, నేరుగా వెళ్తున్నప్పుడు క్లచ్ నొక్కి న్యూట్రల్‌లో వేయండి. ఇంజన్ చప్పుడు తగ్గినా వణుకు అలాగే ఉంటే అది చక్రాల వైపుది. దానితో పాటు ఆగిపోతే ఇంజన్, గేర్‌బాక్స్ వైపు చూడండి. పోలోకు వాడే 185/60 ఆర్15 కొలత టైరు గంటకు 100 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 15 చుట్లు తిరుగుతుంది. 3000 ఆర్‌పీఎం దగ్గర ఇంజన్ తిరిగేది సెకనుకు 50. మొదటిది అరచేతికి తెలిసే అదురు, రెండోది చెవికి తెలిసే గుయ్. ఒకసారి రెండూ గమనిస్తే మళ్లీ పొరపడరు.

పిట్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆపుకునే చోటికి) వచ్చే ముందు నెమ్మదిగా తిరిగిన ల్యాప్‌లోనే (ట్రాక్ మీద ఒక చుట్టులోనే) వణుకు మొదలైతే కంగారు పడనక్కరలేదు. ట్రాక్ అంచున రాలిన రబ్బరు ముద్దలు వేడి టైరుకు అంటుకుని ఉంటాయి. స్క్రాపర్‌తో గీకేయండి, లేదా రెండు ల్యాప్‌లు వేగంగా తిరగండి, పోతుంది. చక్రం లాక్ అయి టైరు ఒక చోట అరిగి చదునైతే మాత్రం పోదు. ఆ టైరు మార్చాల్సిందే.

బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వణికితే "డిస్క్ వంగింది" అని తీర్మానించేస్తారు. చాలాసార్లు డిస్క్ వంగదు, ప్యాడ్ పదార్థం దాని మీద మచ్చలుగా అంటుకుంటుంది. వేడి ల్యాప్ తరువాత పిట్‌లో బ్రేకు మీద కాలు పెట్టి నిలబడటమే దీనికి కారణం. హ్యాండ్ బ్రేకు కూడా వేయకండి, గేరులో ఉంచి చక్రం కింద చెక్క పెట్టండి. మచ్చలు లేతవైతే వేగం నుంచి పూర్తిగా ఆగకుండా పలుమార్లు గట్టిగా బ్రేకు వేస్తే తుడుచుకుపోతాయి.

మూడు వారాలు నన్ను తిప్పిన బోల్టు

ఇది నా సొంత కారు సంగతి. కొత్త అల్లాయ్ చక్రాలు వేయించాను. మొదటి రెండు సెషన్లు ఏ గొడవా లేదు. మూడోదానిలో అయిదో ల్యాప్‌కు గంటకు 110 దాటగానే స్టీరింగ్‌లో సన్నని వణుకు. పిట్‌కు వచ్చి టార్క్ రెంచ్ పెడితే ప్రతి బోల్టూ పావు చుట్టు తిరిగింది. కొత్త చక్రాలు కదా, కుదురుకుంటున్నాయి అనుకున్నాను. మర్నాటి ఉదయం చల్లటి కారు మీద బోల్టు కదలకుండానే రెంచ్ 120 దగ్గర ఠక్కుమంది, సంతోషించాను. నాలుగు ల్యాప్‌లకే మళ్లీ అదే వణుకు.

ఆ తరువాత మూడు వారాలు నేను చేసినవి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. రెండుసార్లు బ్యాలెన్సింగ్ చేయించాను, యంత్రం రెండుసార్లూ సున్నా చూపింది. ఎడమ ముందు బేరింగ్ మార్చాను. డిస్క్ మార్చాను. చివరికి చక్రం విప్పి ఎండలో బోర్లించి చూస్తే, బోల్టు రంధ్రాల చుట్టూ నల్లటి లోహపు పొడి. ప్రతి రంధ్రంలో బోల్టు కూర్చునే చోట వెంట్రుకంత సన్నని మెరిసే గీత.

పోలోతో కంపెనీ ఇచ్చే బోల్టుకు తల కింద భాగం బంతిలా గుండ్రంగా ఉంటుంది. విడిగా కొనే అల్లాయ్ చక్రాల్లో ఎక్కువవాటికి ఆ చోటు గరాటులా ఏటవాలుగా ఉంటుంది. షాపు కుర్రాడు పాత బోల్టులే వాడేశాడు. మరలు సరిపోయాయి, పొడవు సరిపోయింది, ఎవరికీ అనుమానం రాలేదు. కానీ గరాటులో బంతి పెడితే ఆనేది ఒక్క గీత మీదే. ట్రాక్ మీద బ్రేకు వేడికి, మూలమలుపుల లాగుడుకు ఆ గీత దగ్గర అల్యూమినియం నలుగుతుంది, బోల్టు వదులవుతుంది. మళ్లీ బిగిస్తే ఇంకాస్త నలుగుతుంది.

నన్ను మోసం చేసింది టార్క్ రెంచ్. బోల్టును తిప్పడానికి ఎంత బలం పట్టిందో మాత్రమే అది చెబుతుంది. చక్రాన్ని హబ్‌కు (చక్రం బిగించే ఇరుసు భాగానికి) ఎంత బలం అదిమి పట్టిందో దానికి తెలియదు. బ్యాలెన్సింగ్ యంత్రానికి అసలే తెలియదు, ఎందుకంటే అది చక్రాన్ని మధ్య రంధ్రంతో పట్టుకుంటుంది, బోల్టులతో కాదు.

పరీక్షకు పది నిమిషాలు చాలు. బోల్టు కూర్చునే భాగం మీద చుట్టూ మార్కర్ సిరా పూయండి. మామూలుగా బిగించి విప్పండి. సిరా వెడల్పైన పట్టీలా చుట్టూ చెరిగితే బోల్టు సరైనదే. సన్నని గీతగా చెరిగితే తప్పు బోల్టు. ఒక పక్క మాత్రమే చెరిగితే చక్రం పక్కకు కూర్చుంది, హబ్ ముఖం మీద తుప్పు గీకి మళ్లీ చూడండి.

పరిష్కారం చవకే: చక్రానికి తగిన ఏటవాలు బోల్టులు, ఎం14, 1.5 పిచ్ (14 మిల్లీమీటర్ల లావు, మరకూ మరకూ మధ్య 1.5 మిల్లీమీటర్లు). చేత్తో తిప్పేటప్పుడు ఏడున్నర చుట్లకు తక్కువగా కూర్చునే బోల్టు వాడవద్దు. మరీ పొడుగైతే వెనుక డ్రమ్ము లోపల తగిలి టిక్ టిక్ మంటుంది, అందుకే దించే ముందు చక్రాన్ని ఒకసారి చేత్తో తిప్పండి. రంధ్రాలు అప్పటికే లోతుగా నలిగి ఉంటే ఆ చక్రం ఇక ట్రాక్‌కు పనికిరాదు. నాకు రెండు చక్రాలు అలాగే పోయాయి. ఇంకో మాట, పాత బోల్టులు పారేయకండి. స్టెప్నీ ఇనుప చక్రానికి గుండ్రటి బోల్టులే కావాలి, లేకపోతే అదే తప్పు తిరగేసి చేసినట్టవుతుంది.

చక్రం మధ్య రంధ్రం 57.1 మిల్లీమీటర్ల హబ్ కంటే పెద్దదైతే మధ్యలో రింగు వేస్తారు. అది ప్లాస్టిక్‌దైతే బ్రేకు వేడికి మెత్తబడి, చక్రం విప్పి మళ్లీ వేసినప్పుడు పక్కకు కూర్చుంటుంది. అల్యూమినియం రింగు కొనండి.

ల్యాప్ మధ్యలో వణుకు ఒక్కసారిగా పెరిగితే పరీక్షలు పెట్టుకోకండి. చెయ్యి బయటకు చూపించి, ట్రాక్ అంచున నెమ్మదిగా పిట్‌కు రండి. చక్రం ఊడటానికి ముందు వచ్చే హెచ్చరిక అదొక్కటే.

మిగిలినవి

ఊఁ మనే మోత కుడి మలుపులో పెరిగి ఎడమ మలుపులో తగ్గితే ఎడమ బేరింగ్. ఇరుంగాట్టుకోట్టైలో గడియారం ముల్లు దిశలో తిరుగుతాం కాబట్టి ముందు పోయేది అదే. అంటే నాకు ఫోను చేసేవాళ్లు కొన్నిసార్లు ఒప్పే చెబుతారు. జాకీ ఎత్తి చక్రాన్ని పైన, కింద పట్టుకుని ఊపి, చేత్తో తిప్పి వింటే చాలావరకు తేలిపోతుంది.

స్టీరింగ్ పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ తొక్కినప్పుడు టకటకమంటే డ్రైవ్ షాఫ్ట్ బయటి జాయింట్, దాని రబ్బరు తొడుగు చిరిగి గ్రీజు చిమ్మి ఉంటుంది. కెర్బ్ (మలుపుల దగ్గర ట్రాక్ అంచు గట్టు) ఎక్కినప్పుడు ఠంగుమంటే యాంటీ రోల్ బార్ (మలుపులో కారు ఒరగకుండా ఆపే కడ్డీ) లింకు. ఇంజన్ మౌంటు, సైలెన్సర్ హ్యాంగరు, గేర్‌బాక్స్ బేరింగ్, వంగిన షాఫ్ట్ కూడా కారణం కావచ్చు, కానీ పైవన్నీ చూశాక ఇంకా వణికితేనే వాటి జోలికి వెళ్లండి. నా దగ్గరికి వచ్చిన కార్లలో అంతదూరం వెళ్లినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.