జీపు టై రాడ్ ఎండ్లు ఇంటి దగ్గరే మార్చుకోవడం

చెల్కల్లో తిరిగే జీపుకు స్టీరింగు లింకులు తొందరగా పోతాయి. ముందు చక్రాలు రెండిటినీ కలిపే కడ్డీ టై రాడ్, దాని రెండు చివరల్లో ఉండే బాల్ జాయింట్లే టై రాడ్ ఎండ్లు. ఎర్రదుమ్ము గ్రీజులో కలిస్తే ఆకురాయిలా బాల్‌ను అరగదీస్తుంది. పొలం గట్ల మీద పట్టిన నల్లబురద, జాయింట్‌ను కప్పే రబ్బరు తొడుగు (బూటు) చుట్టూ ఎండి గట్టిపడుతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ ఆ పెంకు బూటు మడతను పీకుతుంది. డిండి వైపు ఒర్రెలు దాటే బండ్లలో ఆ చీలిక గుండా నీళ్లు కూడా లోపలికి పోతాయి. బూటు మడతను వేళ్లతో విప్పి చూడండి. బయటికి వచ్చిన గ్రీజు నల్లగా, జిడ్డుగా ఉంటే ఇంకా ఆశ ఉంది. తుప్పు రంగులో, ఇసుక పట్టినట్టు గరగరలాడితే ఆ జాయింట్ పని అయిపోయినట్టే. దానికి ఎంత గ్రీజు కొట్టినా లాభం లేదు.

ఇక్కడ చెప్పేది ముందు పట్టీ స్ప్రింగులు, నిండు యాక్సిల్ ఉన్న పాత జీపుల గురించి, అంటే ఎంఎం 540, కమాండర్, మేజర్ తరహా బండ్ల గురించి. ముందు చక్రాలు విడివిడిగా ఆడే సస్పెన్షన్ ఉన్న థార్, బొలెరోల అమరిక వేరు.

సామాన్లు కొనకముందే లూజు ఎక్కడుందో పట్టుకోవాలి. స్టీరింగు ఊగుతోందని టై రాడ్ ఎండ్లు రెండూ మార్చి, అయినా ఊగుతోందని మళ్లీ మెకానిక్ దగ్గరికి పోయేవాళ్లు చాలామంది. చక్రాలు నేల మీదే ఉండాలి, ఇంజిన్ ఆపాలి, హ్యాండ్ బ్రేకు వేసి వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టాలి. ఒకరు స్టీరింగును బెత్తెడంత కుడికీ ఎడమకీ ఆడిస్తూ ఉండాలి. ఇంకొకరు కిందికి దూరి, ఒక్కో జాయింట్ మీద సగం రాడ్‌కూ, సగం అది తగిలించి ఉన్న ఆర్మ్‌కూ (చేయికీ) ఆనేలా బొటనవేలు ఆనించాలి. రాడ్ కదిలిన తర్వాత ఆర్మ్ ఆలస్యంగా కదిలితే ఆ తేడా వేలికి టక్కుమని తెలుస్తుంది, కంటికి కనపడకపోయినా సరే. స్టీరింగు బాక్సు నుంచి వచ్చే చేయి, అంటే పిట్‌మన్ ఆర్మ్ నుంచి మొదలుపెట్టి, దాని కదలికను చక్రాల వైపు చేర్చే కడ్డీ డ్రాగ్ లింక్ రెండు చివరలు, టై రాడ్ రెండు చివరలు వరసగా చూడండి. మధ్యలో బెల్ క్రాంక్ (కదలికను మళ్లించే మీట) ఉన్న పాత విల్లీస్ తరహా బండి అయితే దాని పిన్‌నూ, బుష్‌నూ తప్పకుండా చూడాలి.

తర్వాత యాక్సిల్‌ను జాకీతో లేపి, స్టాండు మీద దించి, చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపండి. ఊగితే ఒకరిని బ్రేకు తొక్కి పట్టమనండి. ఊగడం ఆగితే లూజు వీల్ బేరింగ్‌లో ఉంది. బ్రేకు తొక్కినా ఊగుతుంటే, చక్రం కుడికీ ఎడమకీ తిరిగే ఇరుసు అయిన కింగ్ పిన్ బేరింగ్‌లో ఉంది. షిమ్ములు (సందు సరిచేసే పల్చటి రేకులు) తీసి, స్ప్రింగు తూకంతో బిగువు కొలిచి సరిచేసే పని అది. కొలిచే సాధనం లేనిదే దాని జోలికి పోవద్దు. ఇంకో మాట: లింకుల లూజును కప్పిపుచ్చడానికి స్టీరింగు బాక్సు మీది స్క్రూను బిగించకండి. బాక్సు మధ్యలో బిర్రబిగిసి, మలుపు తర్వాత స్టీరింగు తనంత తాను తిరిగి రావడం మానేస్తుంది.

టై రాడ్ ఎండ్లు జతగా తీసుకోవాలి. ఒకటి కుడి మర, ఇంకొకటి ఎడమ మర. షాపులో రెండిటి మరలూ వేలితో తిప్పి చూసుకోండి, రెండూ ఒకే వైపువి ఇచ్చేస్తే పని మధ్యలో ఆగిపోతుంది. పాత ఎండ్ పట్టుకుపోయి, ఆర్మ్ కన్నంలో కూర్చునే స్టడ్ (మేకు) టేపర్ (సన్నబడుతూ పోయే భాగం) మందం, మర సైజు పక్కపక్కన పెట్టి పోల్చాలి. కొత్త స్ప్లిట్ పిన్నులు 4, బూట్లు విడిగా వస్తే అవి, ఛాసిస్ గ్రీజు అర కిలో సరిపోతాయి. స్ప్లిట్ పిన్ పాతది మళ్లీ వాడొద్దు, ఒకసారి వంచి తీసింది రెండోసారి వంచితే విరుగుతుంది.

ముందురోజు రాత్రే నట్ల మీద, ఎండ్లను రాడ్‌లో పట్టి ఉంచే క్లాంపుల మీద తుప్పు వదిలించే నూనె పోసి ఉంచండి. తాండూరు బండలు పరిచిన వాకిట్లో జాకీ నేరుగా పెడితే బండ పగులుతుంది. కింద రెండంగుళాల మందం చెక్క పలక వేయండి. ఇటుకల దొంతి మీద బండిని నిలబెట్టి కిందికి దూరడం మాత్రం వద్దే వద్దు. ఇటుక ముందుగా ఏ హెచ్చరికా లేకుండా ఒక్కసారే నలిగిపోతుంది.

విప్పకముందు రాడ్‌ను గుడ్డతో తుడిచి, రెండు స్టడ్ల మధ్య దూరం టేపుతో మిల్లీమీటరు వరకు కొలిచి రాసుకోండి. ఎన్ని చుట్లకు ఊడివచ్చిందో లెక్కపెట్టుకోవడం కూడా మంచిదే. కానీ కంపెనీ మారితే ఎండ్ పొడవు మారుతుంది కాబట్టి చుట్ల లెక్క కంటే టేపు కొలతనే నమ్మాలి.

స్ప్లిట్ పిన్ లాగి, కోట నట్‌ను (పిన్ పట్టే గాళ్లున్న నట్‌ను) స్టడ్ కొనతో సమానంగా వచ్చే వరకు మాత్రమే విప్పి అక్కడే ఉంచండి. మర చెడకుండా, స్టడ్ ఊడినప్పుడు రాడ్ మన మీద పడకుండా అది కాపాడుతుంది. పుల్లర్ ఉంటే దానితో లాగండి. లేకపోతే స్టడ్ నెత్తిన కొట్టకుండా, స్టడ్ కూర్చున్న ఆర్మ్ కన్నానికి పక్కన కొట్టాలి. ఒకవైపు బరువైన సుత్తె ఆనించి, ఎదురువైపు రెండు కిలోల సుత్తెతో గట్టిగా రెండు దెబ్బలు వేస్తే ఆ కన్నం క్షణంపాటు సాగి టేపర్‌ను వదిలేస్తుంది. గ్యాసు మంటతో కాల్చడం కొందరికి అలవాటు. ఆ ఆర్మ్ ఉక్కుకు ఇచ్చిన పదును పోతుంది, తర్వాత ఎప్పుడో గుంతలో విరుగుతుంది. మంట పెట్టకండి.

కొత్తది ఎక్కించేముందు ఆర్మ్ కన్నాన్ని పొడి గుడ్డతో లోపలి వరకు తుడవాలి. టేపర్‌కు గ్రీజు, నూనె ఏదీ పూయకూడదు, పొడిగా పట్టుకుంటేనే అది బిగుస్తుంది. స్టడ్‌ను చేత్తో కూర్చోబెట్టినప్పుడు కొద్దిగా పైకి మిగలాలి. నట్ బిగిస్తే ఆ మిగులు తగ్గుతూ గట్టిగా దిగుతుంది. నట్ పూర్తిగా దిగినా స్టడ్ కదులుతోందంటే కన్నం అరిగి కోడిగుడ్డు ఆకారంలో సాగింది. రేకు ముక్క చుట్టి బిగించే పద్ధతి ఉంది. ఆ రేకు నలిగిపోయి నెలలోపే మళ్లీ లూజు వస్తుంది, స్టడ్ కూడా తెగవచ్చు. ఆ ఆర్మ్ మార్చాల్సిందే.

నట్ బిగిస్తుంటే స్టడ్ తిరుగుతోందా? కింద జాకీ పెట్టి ఎండ్‌ను కొద్దిగా పైకి నొక్కితే టేపర్ పట్టుకుంటుంది. మాన్యువల్‌లో చెప్పిన టార్క్ వరకు బిగించాక కోట నట్ గాడి పిన్ కన్నానికి ఎదురు రాకపోతే ముందుకే తిప్పాలి, వెనక్కి ఎప్పుడూ తిప్పొద్దు. పావు చుట్టు వెనక్కి తిప్పినా టేపర్ వదులై, రాళ్ల దారిలో కొట్టుకుని కన్నాన్ని తినేస్తుంది. స్ప్లిట్ పిన్ రెండు కాళ్లూ విప్పి వంచాలి.

ఇప్పుడు టోయిన్, అంటే ముందు చక్రాలు ముందు వైపు కొద్దిగా లోపలికి తిరిగి ఉండటం. నేల మట్టంగా ఉండాలి. వడ్లు ఆరబోసే సిమెంటు కల్లం దీనికి చక్కగా పనికొస్తుంది. మేస్త్రీల నీళ్ల గొట్టంతో మట్టం చూసుకోండి. రెండు టైర్లలో గాలి సమానంగా ఉండాలి. చక్రం లేపి తిప్పుతూ, కదలకుండా పట్టుకున్న మేకుతో టైరు మధ్యలో గీత పెట్టండి. దించాక బండిని కొంచెం ముందుకు నెట్టి టైర్లు కుదురుకోనివ్వాలి. అప్పుడు హబ్ ఎత్తులో టైర్ల ముందు వైపు గీత నుంచి గీతకు దూరం, వెనక వైపు దూరం కొలవండి. ముందు దూరం 2 నుంచి 3 మిల్లీమీటర్లు తక్కువ ఉండటం ఈ జీపులకు మామూలు లెక్క. మాన్యువల్ వేరే చెబితే అదే పాటించండి. తేడా ఉంటే క్లాంపులు వదులుచేసి రాడ్‌ను గుండ్రంగా తిప్పి సరిచేయాలి. ఒకవైపు మరే ఎక్కువగా బయటికి వచ్చేస్తే రెండువైపులా సమానం చేసుకోండి. క్లాంపులు బిగించేటప్పుడు రెండు జాయింట్లూ ఆట మధ్యలో ఉండాలి, బోల్టు తల యాక్సిల్‌కు గానీ పట్టీకి గానీ తగలకూడదు.

టోయిన్ కుదిరాక స్టీరింగు వంకరగా కనిపిస్తే టై రాడ్‌ను ముట్టుకోవద్దు, డ్రాగ్ లింక్ పొడవు సరిచేయండి. కుడికీ ఎడమకీ చివరి వరకు తిప్పి, బ్రేకు హోస్ సాగడం లేదనీ టైరు పట్టీకి రాయడం లేదనీ చూసుకోండి. గ్రీజు నిప్పుల్ ఉంటే బూటు కొంచెం ఉబ్బే వరకే గ్రీజు కొట్టండి. అంతకు మించితే బూటే పగులుతుంది.

మొదట ఊరి దారిలో 20 వేగంతో, తర్వాత 40తో నడపండి. రోడ్డు మీద 50 దాటాక చక్రాలు ఒక్కసారిగా అదిరితే షాకిల్ (పట్టీ చివర వేలాడే లింకు) బుష్‌లు, కింగ్ పిన్, టైరు బ్యాలెన్సు చూడాలి. స్టీరింగు డ్యాంపర్ (అదురును అణిచే షాక్ అబ్జార్బర్) వేస్తే అదురు కనిపించకుండా పోతుందే తప్ప లూజు అక్కడే ఉంటుంది. 100 కిలోమీటర్ల తర్వాత నట్లు, క్లాంపులు మరోసారి పానాతో చూడండి. ఒర్రె దాటి వచ్చిన రోజు బండి చల్లబడ్డాక బూట్ల బురద కడిగి, నిప్పుల్‌కు గ్రీజు గన్ రెండు పోట్లు వేయండి, లోపలికి చేరిన నీళ్లు గ్రీజుతో పాటే బయటికి వచ్చేస్తాయి.