నేల కింద కరెంటు హీటింగ్: టైల్స్ పరిచేలోపే తేల్చుకోవాల్సినవి

నేను ఎలక్ట్రీషియన్‌ని. నేల కింద హీటింగ్ పెట్టించుకోవాలనుకునేవాళ్ళు ముందుగా నన్ను అడిగేది, ఏ కంపెనీది కొనమంటారు అని. నేను వాళ్ళని అడిగేవి రెండు: నేల కింద ఏముంది, నేల మీద ఏం పరుస్తారు? ఈ రెండూ తేలితే కొనాల్సిన సరుకేదో చాలావరకు తేలినట్టే.

కింద ఉత్త కాంక్రీటు స్లాబ్ ఉంటే, కేబుల్‌లో పుట్టిన వేడిలో చాలా భాగం ముందు ఆ స్లాబ్‌లోకే దిగిపోతుంది. స్లాబ్ వేడెక్కేదాకా మీ కాళ్ళకి ఏమీ తెలియదు. అందుకే కేబుల్ కింద ఇన్సులేషన్ బోర్డులు వేయాలి. ఎక్స్‌పీఎస్ ఫోమ్ మీద రెండు వైపులా సిమెంటు పూత ఉండే బోర్డులివి, 6 మిల్లీమీటర్ల మందం నుంచి దొరుకుతాయి. నేల మట్టం ఒప్పుకుంటే 10 మిల్లీమీటర్లవి వేయమంటాను. బోర్డు ఉన్న నేల దాదాపు అరగంటలో కాలికి వెచ్చగా తగులుతుంది. లేని నేలకి గంటలు పట్టొచ్చు. ఖర్చు తగ్గించుకోవాలన్నప్పుడు అందరూ మొదట కొట్టేసేది ఈ బోర్డులనే. దయచేసి ఆ పని చేయకండి. కావాలంటే వేడిని అదుపు చేసే స్విచ్, అంటే థర్మోస్టాట్, వైఫైది మానేసి మామూలుది తీసుకోండి. థర్మోస్టాట్‌ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు, బోర్డుని మాత్రం నేల తవ్వకుండా వేయలేం.

పైన టైల్స్ లేదా రాయి అయితే అంతకన్నా అనువైనది లేదు. వాటికి చదరపు మీటరుకి 150 వాట్ల మ్యాట్, అంటే జాలీకి వరసలుగా కేబుల్ బిగించి ఉన్న చాప, సరిపోతుంది. వేడి త్వరగా జారిపోయే చల్లటి గదికి 200 వాట్లది చూడండి. లామినేట్, ఇంజనీర్డ్ వుడ్ లాంటి వాటికి రేకు మ్యాట్లు ఉంటాయి. వాటికి టైల్స్ అతికించే అడ్హెసివ్ అక్కర్లేదు, చెక్క కింద అలాగే పరిచేయొచ్చు. చెక్కకైనా వినైల్‌కైనా నేల ఉష్ణోగ్రత సాధారణంగా 27 డిగ్రీలు దాటకూడదు. కొనేముందు ఆ ఫ్లోరింగ్ తయారీదారు ఏం రాశాడో తప్పకుండా చదవండి. మందపాటి కార్పెట్ పరుస్తామంటే మాత్రం, ఈ హీటింగ్ పెట్టుకోకపోవడమే మంచిది.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను, దాని వల్ల పని చేజారినా సరే. ఈ పద్ధతిలో ఒక యూనిట్ కరెంటుకి ఒక యూనిట్ వేడే వస్తుంది. బాత్‌రూమ్‌కో, వంటింటికో, పొద్దున్నా సాయంత్రమూ కాసేపు వాడే గదికో ఇది చక్కగా సరిపోతుంది. ఇల్లంతా రోజంతా దీనితోనే వేడి చేయాలంటే బిల్లు భరించడం కష్టం. అలాంటి ఇంటికి, బయటి వేడిని లోపలికి లాగి తెచ్చే హీట్ పంప్‌తో నడిచే నీటి పైపుల పద్ధతి గురించి ఆలోచించండి.

ఇక కొలతలు. గది మొత్తం వైశాల్యం కాదు, ఖాళీగా ఉండే నేల ఎంతో కావాలి. కదలని అల్మరా, బాత్‌టబ్, కమోడ్ కింద కేబుల్ వేయకూడదు. అక్కడ వేడి బయటికి పోలేక పేరుకుపోయి, కేబుల్‌నీ పైనున్న వస్తువునీ పాడుచేస్తుంది. గోడల పక్కన 5 నుంచి 10 సెంటీమీటర్లు వదలండి. 4 చదరపు మీటర్ల బాత్‌రూమ్‌లో చివరికి మిగిలేది 2 చదరపు మీటర్లే కావచ్చు. ఆ 2కే మ్యాట్ కొనండి, రెండున్నరకి కొనకండి. కేబుల్‌ని కత్తిరించడానికి వీల్లేదు కాబట్టి, మిగిలిన ముక్కని ఏం చేయాలో తోచదు. నేల వంకరటింకరగా ఉంటే మ్యాట్ బదులు విడి కేబుల్ తీసుకోండి. దాని లెక్క తేలికే: ఖాళీ నేల 2.4 చదరపు మీటర్లు, కేబుల్ పొడవు 24 మీటర్లు అయితే, వరసకీ వరసకీ మధ్య 10 సెంటీమీటర్లు. రెండు తీగలూ ఒకే తొడుగులో ఉండే ట్విన్ రకం అడగండి. ఒంటి తీగ రకంలో రెండో కొసని కూడా మళ్ళీ థర్మోస్టాట్ దాకా తెచ్చుకోవాలి.

కనెక్షన్ పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌కే ఇవ్వండి. మ్యాట్ పరచడం వరకు జాగ్రత్త ఉన్నవాళ్ళు ఎవరైనా చేసుకోవచ్చు. కరెంటు లీకైతే వెంటనే లైన్ ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకుండా ఈ లైన్ ఆన్ చేయకూడదు. బాత్‌రూమ్ అయితే థర్మోస్టాట్ ఆ గది బయట గోడకి ఉండాలి. ఎక్కువ థర్మోస్టాట్లు 16 ఆంపియర్లవే. లోడ్ దానికి మించితే మధ్యలో కాంటాక్టర్, అంటే పెద్ద లోడ్‌ని మోసే స్విచ్, పెట్టాలి.

పరిచే ముందు నేల ఊడ్చి, ప్రైమర్ కొట్టి, బోర్డులు అతికించి ఆరనివ్వండి. తర్వాత నేల వేడిని కొలిచి థర్మోస్టాట్‌కి చెప్పే సెన్సర్ పైపు కోసం గాడి తీయండి. ఈ సెన్సర్, పక్కపక్కనున్న రెండు కేబుల్ వరసలకీ సరిగ్గా మధ్యన ఉండాలి, దేనికీ తగలకూడదు. పైపు కొసని టేప్‌తో మూసేయండి, లేకపోతే అడ్హెసివ్ లోపలికి పోతుంది. గోడ దగ్గర వంపు మెల్లగా తిరగాలి. టైల్ పడేలోపు సెన్సర్‌ని ఒకసారి బయటికి లాగి, మళ్ళీ తోసి చూడండి. ఎప్పుడో అది చెడిపోయినప్పుడు మార్చాలంటే అదొక్కటే దారి.

మ్యాట్‌ని తిప్పాల్సి వస్తే జాలీని కత్తిరించండి, కేబుల్‌ని ముట్టుకోవద్దు. కేబుల్ మీద కేబుల్ పోకూడదు. నేల వ్యాకోచానికని వదిలిన సందుని, అంటే ఎక్స్‌పాన్షన్ జాయింట్‌ని, కేబుల్ దాటించకూడదు. వేడెక్కే కేబుల్, వేడెక్కని తీగ కలిసే జాయింట్ కాస్త లావుగా ఉంటుంది. దానికీ గాడి తీసి కూర్చోబెట్టి, చుట్టూ అడ్హెసివ్ నిండేలా చూడండి. దాని మీద టేప్ చుట్టకూడదు, గోడ పెట్టెలోకి ఎక్కించకూడదు. గాలి చిక్కుకుంటే అది అక్కడే మాడుతుంది.

పనిలో అన్నిటికన్నా ముఖ్యమైనది కొలిచి చూసుకోవడం. పెట్టెలోంచి తీయగానే ఒకసారి, పరిచాక ఒకసారి, టైల్స్ పడ్డాక ఒకసారి. 230 వోల్టుల మీద 300 వాట్ల మ్యాట్‌కి సుమారు 176 ఓమ్స్ రావాలి. చాలామంది తయారీదారులు 5 శాతం తగ్గినా, 10 శాతం పెరిగినా ఒప్పుకుంటారు, అంటే 167 నుంచి 194 దాకా. ఇది మల్టీమీటర్‌తో తేలుతుంది. దానితో సరిపెట్టుకోకుండా కేబుల్ తీగకీ, దాని చుట్టూ ఉండే ఎర్త్ తీగల అల్లికకీ మధ్య మెగ్గర్, అంటే ఇన్సులేషన్ దెబ్బతిందేమో చూసే మీటరు, కూడా పెట్టాలి.

ఎందుకంటే ఒక ఇంట్లో టైల్స్ మేస్త్రి, సందుల్లోంచి పైకి ఉబికిన అడ్హెసివ్‌ని ఇనుప తాపీ అంచుతో గీకేశాడు. మల్టీమీటర్‌లో అంకె అదే 176, ఏమీ మారలేదు. మెగ్గర్ పెడితే రీడింగ్ దాదాపు సున్నాకి పడిపోయింది, అంటే తీగ ఎర్త్‌కి తగులుతోంది. అడ్హెసివ్ ఇంకా పచ్చిగానే ఉంది కాబట్టి గీకిన వరసలో టైల్ ఎత్తి చూశాం: గోరంత గాటు, అడుగున ఎర్త్ అల్లిక తళుక్కుమంటోంది. ఆ సాయంత్రమే తెలిసింది కాబట్టి ఒక టైల్‌తో పోయింది. అందుకే నేను మేస్త్రికి ప్లాస్టిక్ తాపీ ఇస్తాను. పని జరిగేంతసేపూ కేబుల్‌కి అలారం బజర్ తగిలించి ఉంచుతాను, తెగినా, గాటు పడి తీగ ఎర్త్‌కి తగిలినా వెంటనే మోగుతుంది. వీలైతే టైల్స్‌కి ముందే మ్యాట్ మీద, దానంతటదే చదునుగా పరుచుకునే సెల్ఫ్ లెవలింగ్ మిశ్రమం పోయిస్తాను. అది గట్టిపడ్డాక మేస్త్రి నిశ్చింతగా పని చేసుకోవచ్చు. అడ్హెసివ్ మాత్రం వేడికి సాగేది, బస్తా మీద ఎస్1 అని ఉన్నదే వాడాలి.

కేబుల్ కప్పేలోపు, పక్కన కొలత టేపు పెట్టి అది కనబడేలా ఫోటోలు తీసుకోండి. తలుపు ఆపే బుడిపె కోసం రేపు ఎవరో ఒకరు నేలకి డ్రిల్ పెడతారు. ఫోటోలనీ, మూడు రీడింగులనీ స్విచ్‌బోర్డు పెట్టె తలుపు లోపల అంటించి ఉంచండి.

టైల్స్ పడ్డ రోజే ఆన్ చేసి చూడాలని ఉంటుంది. ఆగండి. బస్తా మీద రాసిన గడువు పూర్తవ్వాలి, చాలావాటికి వారం లేదా అంతకన్నా ఎక్కువే. హీటింగ్‌తో ఆరబెడితే అడ్హెసివ్ పట్టు పోతుంది. మొదటిసారి ఆన్ చేశాక కొన్ని రోజులపాటు కొద్దికొద్దిగా పెంచుకుంటూ పొండి. టైమర్ పెట్టుకుంటే 300 వాట్ల మ్యాట్ రోజుకి 4 గంటలు నడిచినా 1.2 యూనిట్లు మించదు, మధ్యమధ్యలో ఆగుతుంది కాబట్టి నిజానికి తక్కువే.

ఏళ్ళ తర్వాత నేల వేడెక్కడం మానేస్తే గునపం తీయకండి. ముందు సెన్సర్ చూడండి, చాలా సెన్సర్లు 25 డిగ్రీల దగ్గర సుమారు 10 కిలో ఓమ్స్ చూపిస్తాయి. తర్వాత థర్మోస్టాట్. ఆ రెండూ బాగుంటే అప్పుడు కేబుల్ ఓమ్స్ కొలిచి, పెట్టె తలుపు మీద అంటించిన అంకెతో పోల్చండి. తేడా వస్తే ఫాల్ట్ వెతికే పరికరాలు, థర్మల్ కెమెరా ఉన్న మనిషిని పిలిపించండి. చోటు దొరికితే ఒకటి రెండు టైల్స్ తీసి, రిపేర్ కిట్‌తో జాయింట్ వేసి, మళ్ళీ మెగ్గర్ పెట్టి చూశాకే మూయించండి.