ఇంప్లాంట్ క్యాప్ ఊగుతోందా? స్క్రూ ఒక్కటే బిగిస్తే చాలదు

"పెట్టించుకున్న పన్ను ఊగుతోంది" అంటూ పేషెంట్ వస్తే, ఊగేది క్యాపా (పైన స్క్రూతో బిగించిన పన్ను), ఇంప్లాంటా (దవడ ఎముకలో నాటిన లోహపు వేరు) అన్నది ముందు తేల్చాలి. రెండు పరికరాల పిడి చివర్లతో క్యాప్‌ని అటూఇటూ కదిపి చూడండి. నొక్కితే నొప్పి ఉండి, ఎక్స్‌రేలో ఇంప్లాంట్ చుట్టూ నల్లటి గీత కనిపిస్తే అది ఎముకకు అతుక్కోలేదన్నట్టే, తీసేయాల్సిందే. ఎముక బాగుండి క్యాప్ మాత్రమే తిరుగుతుంటే స్క్రూ వదులైనట్టు. ఎక్స్‌రేలో ఇంప్లాంట్ మీది మరలు రెండు పక్కలా స్పష్టంగా కనిపించాలి. మసగ్గా ఉంటే కోణం తప్పిందన్నమాట. క్యాప్, ఇంప్లాంట్ కలిసే చోటి సందు అందులో దాగిపోతుంది.

స్క్రూ రంధ్రం పైనున్న కాంపోజిట్ (పన్ను రంగు ఫిల్లింగ్) తీసి, దాని కింద కూరిన టెఫ్లాన్ టేప్‌ని ప్రోబ్‌తో (సన్నటి మొనదేలిన పరికరం) లాగేయండి. స్క్రూ డ్రైవర్‌కి ఫ్లాస్ దారం కట్టండి, గొంతుకి అడ్డంగా గాజ్ గుడ్డ (పల్చటి నూలు గుడ్డ) పెట్టండి; జారితే మింగేస్తారు. పాత స్క్రూ మళ్లీ వాడొద్దు. వదులైనది ఒకసారి సాగి ఉంటుంది, బిగువు నిలవదు. లోపల సెలైన్‌తో కడిగి, చిగురు ఇరుక్కోలేదని చూసి క్యాప్ కూర్చోబెట్టి, మళ్లీ ఎక్స్‌రే తీయండి. కంపెనీ చార్టులో ఉన్న టార్క్ (తిప్పే బలం) వరకే బిగించండి. చాలా సిస్టమ్‌లలో అది 30-35 న్యూటన్ సెంటీమీటర్లు. పది నిమిషాలాగి అదే టార్క్‌తో ఇంకోసారి బిగించాలి. మరల మీది సన్నటి గరుకు అణిగి బిగువు కొంత తగ్గుతుంది కాబట్టి ఈ రెండో బిగింపు మానొద్దు.

స్క్రూ వదులవ్వడానికి అసలు కారణం ఎక్కువగా కాటులోనే, అంటే పై పళ్లు కింది పళ్లు కలిసే తీరులోనే ఉంటుంది. సహజ దంతం కొరికితే, వేరుని ఎముకకు పట్టి ఉంచే లిగమెంట్ వల్ల కాస్త కిందికి దిగుతుంది, ఇంప్లాంట్ దిగదు. పళ్ల మధ్య 8 మైక్రాన్ల షిమ్‌స్టాక్ ఫాయిల్ (కాటు చూసే అతి పల్చటి రేకు) పెట్టండి: మెల్లగా కొరికినప్పుడు క్యాప్ దగ్గర జారి రావాలి, గట్టిగా కొరికితే పక్క పళ్లలాగే పట్టుకోవాలి. దవడ పక్కకి జరిపినప్పుడు క్యాప్ తగలకూడదు.

అయితే చెవి ముందు నొప్పి ఉంటేనో, నోరు 35 మిల్లీమీటర్లు కూడా తెరుచుకోకపోతేనో ఆ రోజు కాటు సరిచేయకండి. దవడ కీలులో నీరు చేరితే ఆ వైపు వెనక పళ్లు ఆనవు. అప్పుడు క్యాప్ ఎత్తు పెంచితే వాపు తగ్గాక అదే ఎత్తై మళ్లీ స్క్రూని వదులు చేస్తుంది. రెండు మూడు వారాలు మెత్తటి ఆహారం, వేడి కాపడం ఇచ్చి, నొప్పి తగ్గాకే కాటు చూడండి. కీలులో నొప్పి లేని టక్‌టక్ శబ్దాన్ని వదిలేయొచ్చు.

పళ్లు కొరికే అలవాటుంటే పై దవడకి గట్టి అక్రిలిక్ నైట్‌గార్డ్ (రాత్రి పళ్లకి పెట్టుకునే తొడుగు) చేయించండి. వెనక పళ్ల దగ్గర దాదాపు 2 మిల్లీమీటర్ల మందం, కింది పళ్లన్నీ సమంగా తగలాలి. మెత్తటివి చవకే గానీ, కొందరు వాటిని రాత్రంతా నములుతూనే ఉంటారు.